నూకలు చల్లిన చోటు

చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు ఉన్నాడు. ఒక తరం దాకా తెలుగు పిల్లలందరికీ బడిలోనే పరిచయమైనవాడు. తన వాళ్లతో ఆకాశంలో పోతూ కింద అడవిలో చల్లి ఉన్న నూకల్ని చూస్తాడు. మిగతా పావురాలు దిగుదామని తొందరపడుతుంటే ఆయనకు మాత్రం అనుమానం వస్తుంది. మనిషన్నవాడు తిరగని అడవిలోకి నూకలెలా వచ్చాయి? 1853లో వచ్చిన ఆ పుస్తకాన్ని మాకు పాఠం చెప్పిన పంతుళ్లు ఐకమత్యం దగ్గరే ఆగిపోయేవారు. పావురాలన్నీ ఒక్కసారి రెక్కలాడించి వలతో సహా ఎగిరిపోయాయి కదా, మీరూ అలా ఉండాలి అని. నాకు మాత్రం ఆ మొదటి ప్రశ్నే కథంతటికీ ప్రాణమనిపిస్తుంది. ఉండకూడని చోట తిండి ఉందంటే దాని వెనక ఎవరో ఉన్నట్టే. అడవిలో బతికే ప్రాణికి ఎర గురించి ఇంతకన్నా తెలియాల్సింది లేదు.

అయితే ఈ ప్రశ్న అడవిలో పనికొస్తుంది గానీ చిలికా సరస్సులో పనికిరాదు. ఎందుకు పనికిరాదో రంభలో నీళ్ల పక్కన కూర్చుంటే అర్థమవుతుంది.

రంభ చిలికాకు దక్షిణపు కొస. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా రంభ ఉన్న గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోదే. అందుకే బరంపురం నుంచి ఇక్కడిదాకా బజారులో, బస్సులో, పడవ రేవులో తెలుగు ఇంకా చెవిన పడుతూనే ఉంటుంది. సరస్సు మీద బతికే ఒడియా జాలరి కులాలతో పాటు, నోలియాలని పిలిచే తెలుగు జాలర్లూ ఈ దక్షిణపు వైపున ఉన్నారు. వాళ్లలో పీతల తాడు వేసే ఒక పెద్దాయన పడవలో కూర్చుని చూసినప్పుడే ఎర పెట్టడమనే పని ఎంత పెద్ద చదువో నాకు తెలిసింది.

పొడుగాటి తాడు. రెండు కొసలా రాయి, పైన ఆనవాలుకు బెండు. తాడు పొడుగునా బారకొక చేపముక్క కట్టి ఉంటుంది. గాలం ముల్లు ఒక్కటీ లేదు. మండపీత వచ్చి ముక్కను డెక్కలతో పట్టుకుంటుంది. తాడును పైకి తీస్తున్నా వదలదు. నీళ్లపైకి తేలబోయే చివరి క్షణంలో ఆయన రెండో చేత్తో చేతివలను కిందికి జార్చి ఎత్తేస్తాడు. మొత్తం పనితనమంతా తాడు లాగే వేగంలో ఉంది. "బేగి లాగితే ఒదిలేస్తాది బాబూ. దానికి తెలీకూడదు, లెగుస్తన్నాదని" అన్నాడాయన. ముక్క మరీ తాజాగా ఉండకూడదట. కాస్త వాసన ఎక్కితేనే నీళ్లలో దూరం పాకుతుంది. మరీ కుళ్లితే ఊడి పడిపోతుంది. ప్రతి ముక్కనూ పైకి తీసి ఒకసారి చూసేవాడు. అంచులు చిన్నచిన్నగా కొరికి ఉంటే అది పిల్లచేపల పని, ఎర వాటి పాలైపోతోందన్నమాట. ఎవరూ ముట్టకపోతే తాడును జరపాలి. సగం చీల్చుకుపోయి ఉంటే పీత అక్కడే ఉంది, మళ్లీ వస్తుంది. నేను చూసినప్పుడు ఆ ముక్కలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన మాత్రం ఒక్కొక్కదాన్నీ వేరువేరుగా చదువుతున్నాడు.

ఈ వేట మీద నాకే అభ్యంతరమూ లేదు. ఎర వేసినవాడు ఎర దగ్గరే ఉన్నాడు. తాడు అడుగున దిగడానికి ముందూ ఉన్నాడు, లేచాకా ఉన్నాడు. ఏం పట్టాడో కళ్లతో చూసి, అక్కర్లేనిదాన్ని నీళ్లలోకి వదిలేస్తున్నాడు. పొద్దెక్కాక మిగిలిన ముక్కలతో సహా తాడు చుట్టుకుని ఇంటికి పోతున్నాడు. ఆయన వెళ్లిపోయాక ఆ నీళ్లలో ఆయన వల్ల చచ్చేది ఏదీ మిగలదు.

ఇదే రంభలో ఒడ్డున ఒక పాత భవంతి ఉంది. ఈస్టిండియా కంపెనీ హయాంలో, పద్దెనిమిదో శతాబ్దం చివర, గంజాంలో కలెక్టరుగా ఉన్న థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించినది. తర్వాత ఖల్లికోట రాజుల చేతికొచ్చింది. శీతాకాలం వస్తే దొరలకు చిలికా అంటే బాతుల వేట. వెనక కొండలంటే పెద్దపులి, చిరుతపులి. ఆ రోజుల వేట కథలు చదివితే మంచె మీద కూర్చున్నవాడి గుండె ఎలా కొట్టుకుందో పేజీలకు పేజీలు దొరుకుతుంది. మంచె కింద జరిగిన పని గురించి నాలుగు ముక్కలే. నాకు కావలసింది ఆ నాలుగు ముక్కలే.

పులికి ఎరగా దున్నదూడను కట్టాలంటే ముందు దాని దారి తెలియాలి. వాగు ఇసుకలో అడుగులు ఏ వైపు పోయాయి, పగలు ఏ పొదలో పడుకుంటుంది, నీళ్లకు ఎక్కడికి దిగుతుంది. ఆ దారులు కలిసే చోట, నీళ్లకు దగ్గరగా, మంచెకు పనికొచ్చే చెట్టు చూసుకుని, గుంజ పాతాలి. దూడను మెడకు కట్టకూడదు. పులి పట్టేది మెడనే, అక్కడ తాడు తగిలితే అనుమానం వచ్చి వదిలేస్తుంది. అందుకని కాలికి కడతారు. తాడు మరీ పీలగా ఉంటే చంపినదాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోతుంది. కట్టేశాక అసలు పని మొదలు. పులి ఆ రాత్రే రావాలని ఎక్కడా లేదు. వారం పట్టొచ్చు. రోజూ తెల్లవారగానే ఒక మనిషి వెళ్లి చూడాలి. దూడ చచ్చి ఉంటే పరుగున కబురు తేవాలి. బతికి ఉంటే గడ్డి వేసి, నీళ్లు పెట్టి, తాడు ఒరుసుకుపోయిందేమో చూసి, మళ్లీ అక్కడే వదిలి రావాలి. రోజూ నీళ్లు పెట్టే మనిషిని దూడ గుర్తుపడుతుంది. అల్లంత దూరంలో చూసి అరుస్తుంది. ఎరను నిలబెట్టడమంటే ఇదీ. తుపాకీ పేల్చినవాడి పేరు గోడ మీద పులితల కింద ఉంటుంది. నీళ్లు పెట్టినవాడి పేరు మామూలుగా ఎక్కడా ఉండదు.

జిమ్ కార్బెట్ కథలో మాత్రం ఎరకే పేరొచ్చింది. రుద్రప్రయాగలో ఏళ్ల తరబడి మనుషుల్ని తిన్న చిరుతను 1926 మే మొదట్లో ఆయన చంపింది మెడలో గంట కట్టిన మేకను ఎరగా పెట్టి. చీకట్లో ఏమీ కనపడని వేళ గంట మోగింది, టార్చి వేసి కాల్చాడు. ఆ మేక బతికింది. తర్వాత దాన్ని చూడడానికి జనం వచ్చేవారట. నరభక్షక మృగం కోసం పెట్టిన ఎర వేరు, గోడకు తగిలించుకునే తల కోసం పెట్టిన ఎర వేరు. ఆ తేడాను నేను ఒప్పుకుంటాను. కానీ రెండింటిలోనూ కట్టిన తాడు ఒక్కటే, దూడకూ మేకకూ ఆ తేడా తెలియదు.

మన చట్టం ఈ విషయంలో చాలా దూరం ఆలోచించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లో వేట అంటే ఏమిటో చెప్పారు. చంపడం ఒక్కటే వేట కాదు. విషం పెట్టడం వేట, ఉచ్చు వెయ్యడం వేట, తరమడం వేట, ఎర వెయ్యడం కూడా వేటే. ఆ ప్రయత్నాలన్నీ వేటే. జంతువు వచ్చిందా, తిన్నదా, చచ్చిందా అన్న ప్రశ్న తర్వాతది. చట్టాన్ని రాసినవాళ్లు ఈ పని తెలిసినవాళ్లో, తెలిసినవాళ్లను అడిగి రాసినవాళ్లో అయ్యుండాలి. ఎందుకంటే వేటలో తప్పు ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. తుపాకీ పేలిన చోట కాదు, గుంజ పాతిన చోట.

అమెరికాలో నీటిపక్షుల వేటకు అనుమతి ఉంది గానీ, మొక్కజొన్నలు చల్లి బాతుల్ని రప్పించి కాల్చడాన్ని 1935లో నిషేధించారు. బతికున్న బాతుల్ని దీమంగా కట్టడాన్నీ అప్పుడే ఆపారు. ఆ నిబంధనల్లో నన్ను పట్టి నిలబెట్టింది ఒకటుంది. చల్లిన గింజల్ని ఊడ్చి తీసేశాక కూడా పది రోజుల దాకా అది ఎర చల్లిన చోటే. అక్కడ కాల్చకూడదు. నేల మీద గింజ లేకపోయినా పక్షి మనసులో ఆ గింజ ఉంటుంది, మళ్లీ వస్తుంది. ఎర నేల మీద పెట్టేది కాదు, అలవాటులో పెట్టేది అని అంత పెద్ద ప్రభుత్వం లెక్క కట్టి మరీ ఒప్పుకుంది. గుజరాత్‌లో గిర్ సింహాల కథా ఇదే. యాత్రికులకు చూపించడానికి అక్కడ చాలాకాలం దున్నల్ని ఎర వేసి సింహాల్ని రప్పించేవారు. 1987లో ఆ ప్రదర్శనలు ఆపారు. అప్పుడే కరువూ వచ్చింది. ఆ తర్వాత మనుషుల మీద దాడులు పెరిగాయి. వాటిని పరిశీలించి వసంత్ సబర్వాల్, రవి చెల్లం, జాన్సింగ్ తదితరులు 1994లో ప్రచురించిన వ్యాసంలో కరువు పక్కనే ఈ ఎర అలవాటునూ చేర్చారు. ఆ సింహాల్ని చంపడానికి ఎవరూ ఎర వెయ్యలేదు. చూసి మురిసిపోవడానికే వేశారు.

ఇప్పుడు చిలికాకు వస్తాను.

ప్రతి శీతాకాలం పదిలక్షలకు పైగా పక్షులు ఈ నీళ్ల మీద వాలతాయి. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి, హిమాలయాల అవతలి నుంచి. సూదితోక బాతులు, చక్రవాకాలు, పట్టీతల బాతులు, రాజహంసలు. వానాకాలంలో మునిగిపోయి చలికాలానికి బురదతో, నాచుతో పైకి తేలే నలబణా దీవి వీటికి అన్నపుపళ్లెం. పదిహేనున్నర చదరపు కిలోమీటర్ల ఆ దీవిని 1987లో అభయారణ్యం చేశారు. 1981లోనే చిలికా చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. పక్షులిక్కడికి వచ్చేది తిండికే. నాచు, గింజలు, నత్తలు, పురుగులు, రొయ్యపిల్లలు. మోకాలి లోతు నీళ్లన్నీ తిండే. ఇంత తిండిలో పురుగుమందు కలిపిన గుప్పెడు ధాన్యాన్ని ఎవరైనా చల్లితే చిత్రగ్రీవుడు మాత్రం ఏం అడుగుతాడు? ఇక్కడికి గింజలెలా వచ్చాయని అడగడానికి వీల్లేదు. గింజలు ఉండవలసిన చోటే అది.

ఇలా విషపు ఎరతో పక్షుల్ని చంపి మాంసం అమ్మడం చిలికా చుట్టుపక్కల ఉన్నదే. తుపాకీ పేలితే ఊరంతా వింటుంది. వల కట్టాలంటే పదిమంది కావాలి. గుళికల మందుకు చప్పుడు లేదు, ఒక్కడు చాలు. పొలంలో వాడే గుళికల్లో ఒక్కటి తింటే చిన్న పిట్ట చచ్చిపోయే మందులున్నాయి. పొద్దుగూకాక చల్లి, తెల్లవారే లోపు ఏరుకుపోతారు. బాతులు రాత్రిళ్లు మేస్తాయని వాళ్లకు తెలుసు. ఏ లోతులో ఏ జాతి మేస్తుందో తెలుసు. చల్లినవాడు ఏరుకోగలిగింది కొంతే. తిని కాస్త దూరం ఎగిరి తుంగలో పడి చచ్చినదాన్ని గద్ద తింటుంది, నక్క తింటుంది, చేపలు పట్టి బతికే బావురుపిల్లి తింటుంది. ఆ పిల్లులు చిలికాలో 176 ఉంటాయని 2022లో అంచనా వేశారు. ఏరుకున్నదాన్ని అంగట్లో కొన్న మనిషి తింటాడు. పీతల తాడు వేసే పెద్దాయనకూ వీళ్లకూ మధ్య నేను గీసే గీత ఇక్కడే ఉంది. ఒకాయన తన ఎర పక్కన కూర్చుంటాడు. ఇంకొకడు ఎర వదిలి వెళ్లిపోతాడు. వెళ్లిపోయిన ఎరకు యజమాని లేడు, అది ఎవరు తింటే వాళ్లను చంపుతుంది. 2020 మే నెలలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు పేలుడు మందు దాచిన కాయను కొరికి, నోరు చిట్లి, నదిలో నిలబడి చచ్చిపోయింది. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ ఎర ఏనుగు కోసం పెట్టింది కాకపోవచ్చు. వదిలి వెళ్లిన ఎరకు ఆ మాటతో పనిలేదు.

చిలికా ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లా టాంగి దగ్గర మంగళాజోడి ఉంది. ఒకప్పుడు పక్షుల్ని చంపడంలో ఆ ఊరికి పేరు. తుంగ మధ్య కాలువల్లో అక్కడివాళ్లకు తెలియని మలుపు లేదు. 1990లలో వైల్డ్ ఒడిశా అనే సంస్థ ఆ వేటగాళ్లతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. 2000లో ఊళ్లోనే శ్రీశ్రీ మహావీర పక్షి సురక్షా సమితి ఏర్పడింది. చంపినవాళ్లే కాపలా కాశారు, పడవ నడుపుతూ వచ్చినవాళ్లకు పక్షుల్ని చూపించారు. వేలల్లోకి పడిపోయిన పక్షుల లెక్క లక్షల్లోకి ఎగబాకింది. ఈ కథను అందరూ మనసు మారిన కథగా చెబుతారు. మనసు మారింది నిజమే, అందుకు చేతులెత్తి మొక్కాలి. కానీ మనసు మారిన మనిషి ఎక్కడైనా దొరుకుతాడు. మంగళాజోడిలో దొరికింది అంతకన్నా అరుదైనది. చిత్రగ్రీవుడి ప్రశ్నను పక్షి తరఫున అడగగలిగే కళ్లు.

బురదలో గింజలుంటే అటవీ ఉద్యోగికి అవి గింజలు. ఒకప్పుడు తానే చల్లినవాడికి అలా కాదు. గాలికి రాలిన గింజ ఎలా పడుతుందో, పిడికిట్లోంచి జారిన గింజ ఎలా పడుతుందో ఆయనకు తెలుసు. ప్రకృతి చల్లినట్టు మనిషి చల్లలేడు. ఒక చోట ఒత్తుగా, ఒక వరసగా పడుతుంది. తుంగ వంగి ఉంటే పడవ దూరిందో, మనిషి దిగి నడిచాడో చెబుతాడు. నిన్న గుంపుగా వాలిన మడుగు మీద ఇవాళ బాతులు చక్కర్లు కొట్టి వెళ్లిపోతుంటే, మామూలుగా లేని చోట గద్దలు తిరుగుతుంటే, అక్కడికి ముందు పోయేది ఆయనే. ఇంకా ఏదీ చావకముందే పట్టుకోగలడు. ఎర వెయ్యడమే వేట అన్న చట్టానికి ఇలాంటి కళ్లు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. పక్షి చచ్చి తేలాక దాన్ని తూచి, సంచిలో వేసి, పంచనామా రాయడానికి ఎవరైనా చాలు.

చుట్టుపక్కల ఇంకో రకం ఊళ్లూ ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటితే శ్రీకాకుళం జిల్లాలో తేలుకుంచి. తొలకరికి అక్కడి చింతచెట్ల మీద నత్తగుల్లకొంగలు గూళ్లు కడతాయి. అవి వస్తే వానలొస్తాయని ఊరి నమ్మకం, ఒక్కదాని మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఇటు గంజాంలోనే ఆస్కా దగ్గర భేట్నోయి, బాలిపదర్ ఊళ్లలో కృష్ణజింకలు మినుము చేలో దిగి మేస్తుంటే రైతు అదిలించి ఊరుకుంటాడు గానీ చంపడు. 2020 లెక్కకే జిల్లాలో అవి నాలుగు వేలు దాటాయి. ఈ ఊళ్ల గురించి వినగానే మనసు చల్లబడుతుంది. నాకు దాంతో పాటు భయమూ వేస్తుంది. నాగలికి బెదరని జింక ఉచ్చు పెట్టేవాడికీ బెదరదు. తరాల తరబడి ఊరు సంపాదించిన నమ్మకాన్ని బయటివాడు ఒక్క రాత్రిలో వాడుకుపోగలడు. అతను కొత్తగా ఎర వెయ్యక్కర్లేదు, ఊరి మంచితనమే అతనికి ఎర. అందుకే చంపకపోవడం ఒక్కటే చాలదు. కాపలా కూడా కావాలి, అదీ వేట తెలిసినవాడి కాపలా.

రంభ వైపు ఆ కళ్లున్నవాళ్లు ఎవరంటే నాకు పీతల తాళ్లవాళ్లే కనపడతారు. తెల్లవారుజామున చీకటి ఉండగా నీళ్ల మీద ఉండేది వాళ్లే. విషం చల్లినవాడు ఏరుకోవడానికి వచ్చే వేళా అదే. నీళ్ల రంగు, వాసన, బురద కదలిక వాళ్లకు అరచేతి గీతల్లా తెలుసు. పైగా ఆ నీళ్లలో విషం పడితే మొదట చచ్చేది వాళ్ల పీతలూ రొయ్యలే, కాబట్టి ఎవరూ వాళ్లకు పక్షుల మీద జాలి నేర్పక్కర్లేదు. పెద్దాయనను అడిగాను, ఎప్పుడైనా తేడాగా కనపడితే ఎవరికి చెబుతారని. "సెప్తే ముందు మమ్మల్నే అడుగుతారు బాబూ, అక్కడికి నువ్వెందుకెల్లావని" అన్నాడు. ఆ ఒక్క భయం వల్ల ఎన్ని ఎరలు ఎవరి కంటా పడకుండా పనిచేసి ఉంటాయో!

అధికారులు చెయ్యవలసిన పని పెద్దదేమీ కాదు. చీకట్లో నీళ్ల మీద ఉన్నవాడు నేరస్థుడు కాదని ముందే ఒప్పుకోవాలి. కబురు చెప్పినవాడి పేరు బయట పెట్టకూడదు. అనుమానం వచ్చిన చోటికి అతను పడవ తిప్పితే పోయే పూట కూలి చేతిలో పెట్టాలి. ఈ ఏర్పాటు నవంబరు నుంచి మార్చి దాకా, పక్షులున్న ఆ ఐదు నెలలకే పెట్టి చేతులు దులుపుకోకూడదు. పక్షులు వెళ్లిపోయాక చూడవచ్చేవాళ్లు రారు, పడవలు ఒడ్డుకెక్కుతాయి. గుళికల మందు మాత్రం ఎరువుల దుకాణంలో ఏడాది పొడుగునా దొరుకుతుంది. వేట మానినవాడి ఇంట్లో పొయ్యి వెలగాల్సింది ఆ మిగతా ఏడు నెలలు కూడా. ఆ నెలల్లో అతనికి ఏం పని చూపిస్తామన్నది ఇప్పుడే, ఈ వానాకాలంలోనే, తేల్చాలి.